కుక్కలలో బెబీసియోసిస్: మూత్రపిండాలకు జరిగే నష్టం, దానిని సకాలంలో గుర్తించే విధానం

జ్వరంతో, తిండి మానివేసి నీరసంగా వైద్యశాలకు వచ్చిన కుక్క రక్తపు పూతలో బెబీసియా కనిపించగానే రోగ నిర్ధారణ పూర్తయినట్లు భావించడం పరిపాటి. ఇంజక్షన్ ఇచ్చిన రెండు మూడు రోజులకు జ్వరం తగ్గుతుంది. కుక్క మళ్లీ తిండి ముట్టుకుంటుంది. యజమాని తృప్తిగా ఇంటికి వెళ్తాడు. అదే కుక్క కొన్ని నెలల తరువాత విపరీతంగా నీళ్లు తాగుతూ, చిక్కిపోయి, వాంతులతో తిరిగి వచ్చినప్పుడు రక్తపు పూతలో పరాన్నజీవి కనిపించకపోవచ్చు. క్రియాటినిన్ మాత్రం బాగా పెరిగి ఉంటుంది. మొదటిసారి వచ్చిన రోజున రక్తంతో పాటు మూత్రాన్ని కూడా పరీక్షించి ఉంటే ఈ పరిస్థితిని ముందుగానే పసిగట్టే అవకాశం ఉండేది.

పరాన్నజీవుల వల్ల కుక్కల మూత్రపిండాలు దెబ్బతినడం అనేక విధాలుగా జరుగుతుంది. మధ్యధరా తీర దేశాలలో లీష్మేనియా ఇన్ఫాంటమ్ సోకిన కుక్కల మరణాలకు ముఖ్య కారణం మూత్రపిండాల వైఫల్యమే. పచ్చి చేపలు, కప్పలు తినడం వల్ల సోకే డయాక్టోఫైమా రీనేల్ అనే ఎర్రని పెద్ద పురుగు మూత్రపిండంలో, ఎక్కువగా కుడివైపు దానిలో, చేరి లోపలి కణజాలాన్నంతా తినివేస్తుంది. ఆడపురుగు ఒక మీటరు పొడవు వరకు పెరగగలదు. గుండెపురుగు వ్యాధిలోనూ మూత్రపిండాలకు హాని కలుగుతుంది. అయితే తెలుగు రాష్ట్రాల పశువైద్యులకు నిత్యం ఎదురయ్యే సమస్య మాత్రం పిడుదుల ద్వారా వ్యాపించే బెబీసియానే.

ఈ ఏకకణ జీవిని రుమేనియా శాస్త్రవేత్త విక్టర్ బాబేష్ 1888లో పశువుల ఎర్ర రక్తకణాలలో గుర్తించాడు. ప్రజాతికి ఆయన పేరే స్థిరపడింది. కుక్కలకు సంబంధించిన చరిత్రలో దక్షిణ భారతానికి ప్రత్యేక స్థానం ఉంది. మద్రాసులోని వేటకుక్కల రక్తంలోను, తరువాత నక్కల రక్తంలోను కనిపించిన ఒక చిన్న జాతిని పాటన్ 1910లో వర్ణించాడు. నేడు ప్రపంచమంతటా బెబీసియా గిబ్సోనైగా వ్యవహరిస్తున్నది దానినే. హీమాఫైసాలిస్ బైస్పైనోసా అనే పిడుదు దీనిని వ్యాపింపజేస్తుందని స్వామినాథ్, షార్ట్‌లు 1937లో ప్రకటించారు. ఈ పిడుదు పశువులు, మేకల మీద కూడా జీవిస్తుంది. కనుక పశువుల కొట్టంలో పడుకునే కాపలా కుక్కను, మందతో తిరిగే గొర్రెల కాపరి కుక్కను ఈ వ్యాధి విషయంలో పట్టణాల పెంపుడు కుక్కలతో సమానంగానే పరిగణించాలి.

మన దేశంలో ప్రధానంగా కనిపించే రెండవ జాతి బెబీసియా వోగెలి. దీనిని వ్యాపింపజేసేది గోధుమరంగు కుక్క పిడుదు. వోగెలి పరిమాణంలో పెద్దది. ఎర్ర రక్తకణంలో సాధారణంగా జంట బేరిపండ్ల ఆకారంలో కనిపిస్తుంది. గిబ్సోనై చిన్నది, ఉంగరం వలెనో చుక్క వలెనో ఉండి, అనుభవం లేని కంటికి వర్ణకపు మచ్చగా భ్రమ కలిగిస్తుంది. ఈ తేడాను గుర్తించడం కేవలం పాఠ్యపుస్తక విషయం కాదు. మందు ఎంపిక, వ్యాధి తిరగబెట్టే అవకాశం, మూత్రపిండాల మీద దీర్ఘకాలం పడే భారం, ఈ మూడూ జాతిని బట్టి మారుతాయి.

నష్టం జరిగే తీరు

బెబీసియా మూత్రపిండ కణాలలో నివసించదు. అది ఉండేది ఎర్ర రక్తకణాలలోనే. అయినా మూత్రపిండాలు దెబ్బతినడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు మూత్రపిండాల గుండా ప్రవహిస్తుంది. ఇంత రక్తం అందుతున్నా, వాటి లోపలి పొర అయిన దవ్వ భాగం సహజంగానే తక్కువ ఆక్సిజన్‌తో పనిచేస్తుంది. రక్తకణాలు నశించి రక్తహీనత తీవ్రమైనపుడు, దానికి తోడు రక్తపోటు పడిపోయినపుడు, ముందుగా ఆక్సిజన్ కొరతకు గురయ్యేవి ఇక్కడి వృక్క నాళికల కణాలే. బెబీసియోసిస్‌లో రక్తపోటు పడిపోవడం అరుదు కాదు. శరీరమంతటా చెలరేగే వాపు ప్రతిచర్యలో విడుదలయ్యే పదార్థాలు రక్తనాళాలను సడలింపజేస్తాయి. కుక్క తిండీ నీరూ మానివేసి ఉంటుంది కనుక నిర్జలీకరణ కూడా తోడవుతుంది. కొన్ని జాతుల విషయంలో పరాన్నజీవులున్న రక్తకణాలు సూక్ష్మ రక్తనాళాలలో గుమిగూడి ప్రవాహాన్ని మరింత మందగింపజేస్తాయి.

రెండవ మార్గం హీమోగ్లోబిన్‌ది. రక్తనాళాలలోనే రక్తకణాలు పగిలినపుడు వెలువడిన హీమోగ్లోబిన్‌ను మొదట హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ బంధిస్తుంది. ఆ ప్రోటీన్ చాలనపుడు మిగిలిన హీమోగ్లోబిన్ వడపోతలో జారి నాళికలలోకి చేరుతుంది. మూత్రం టీ డికాషన్ రంగుకు మారేది అప్పుడే. నాళికల కణాలు దానిని పీల్చుకొన్నపుడు అందులోని ఇనుము ఆక్సీకరణ నష్టం కలిగిస్తుంది. స్వేచ్ఛా హీమోగ్లోబిన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను హరించి మూత్రపిండాల రక్తనాళాలు ముడుచుకొనేలా కూడా చేస్తుంది. మూత్రపిండాలు చెడడానికి ఈ వర్ణకమే మూలమని చాలాకాలం నమ్మారు. దక్షిణాఫ్రికాలో కుక్కలపై జరిగిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని కొంత సవరించాయి. రక్తప్రసరణ సరిగా ఉన్న ఆరోగ్యవంతమైన మూత్రపిండాన్ని హీమోగ్లోబిన్ ఒక్కటే పెద్దగా దెబ్బతీయదని, ఆక్సిజన్ కొరతే ప్రధాన దోషి అని వాటి సారాంశం. వైద్యుడికి దీనిలో ఆచరణయోగ్యమైన సూచన ఉంది. మూత్రం రంగును చూసి ఆందోళన పడటం కంటే రక్తపోటును, నీటి సమతుల్యతను, రక్తకణాల శాతాన్ని సరిచేయడం ముఖ్యం.

దీనికి మరొక వైపు కూడా ఉంది. గిబ్సోనై దీర్ఘకాలం కొనసాగే కుక్కలలో రక్తకణాలు ఎక్కువగా ప్లీహంలో, అంటే రక్తనాళాల వెలుపల, నశిస్తాయి. అటువంటి కుక్కలో మూత్రం ఎన్నడూ ఎర్రబడకపోవచ్చు. పశువులలో ఎర్ర మూత్రం వ్యాధిని చూసి అలవాటుపడిన కన్ను ఇక్కడ పొరబడుతుంది. మూత్రం మామూలు రంగులో ఉన్నంత మాత్రాన మూత్రపిండాలు క్షేమంగా ఉన్నాయని చెప్పడానికి వీలులేదు.

మూడవ మార్గం నెమ్మదిగా సాగుతుంది. పరాన్నజీవి ప్రతిజనకాలు, వాటికి వ్యతిరేకంగా తయారైన ప్రతిదేహాలు కలిసి ఏర్పడిన సంయోగాలు రక్తకేశనాళికా గుచ్ఛాలలో పేరుకొంటాయి. అక్కడ వాపు మొదలై వడపోత పొర మందమవుతుంది. ఆల్బుమిన్ వంటి ప్రోటీన్లు మూత్రంలోకి కారిపోతాయి. గిబ్సోనై సోకిన కుక్కలలో ఈ విధమైన గుచ్ఛశోథను కణజాల పరీక్షలలో గుర్తించారు. తీవ్రదశలో చనిపోకుండా బయటపడి, పరాన్నజీవిని స్వల్ప సంఖ్యలో మోస్తూ బయటికి ఆరోగ్యంగా తిరిగే కుక్కలో ఈ ప్రక్రియ నెలల తరబడి కొనసాగవచ్చు. ఎర్లీషియా కేనిస్ కూడా గోధుమరంగు కుక్క పిడుదు ద్వారా సోకి, అదే విధంగా గుచ్ఛాలను దెబ్బతీస్తుంది. రెండూ కలిసి ఉన్న కుక్కలు మన ప్రాంతంలో కొత్త కాదు. బెబీసియా కనిపించిందని ఎర్లీషియా కోసం చూడటం మానివేయకూడదు.

యూరియా పెరిగితే మూత్రపిండాలు చెడినట్లేనా?

బెబీసియోసిస్‌లో ప్రయోగశాల ఫలితాలను చదవడంలో జరిగే పొరపాట్లు రెండు విధాలు. మొదటిది లేని నష్టాన్ని ఉన్నట్లు భావించడం. పెద్దఎత్తున రక్తకణాలు నశించినపుడు వాటి ప్రోటీన్ కాలేయంలో విచ్ఛిన్నమై యూరియాగా మారుతుంది. అందువల్ల క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా మాత్రమే పెరగడం ఈ వ్యాధిలో తరచు కనిపిస్తుంది. యూరియా ఒక్కదానినే ఆధారం చేసుకొని మూత్రపిండాల వైఫల్యమని యజమానికి చెప్పడం సరికాదు. పేగులలో రక్తస్రావం ఉన్నా ఇదే ఫలితం వస్తుంది.

రెండవ పొరపాటు ఇంతకంటే ప్రమాదకరం. క్రియాటినిన్ సాధారణ పరిధిలో ఉందని నిశ్చింతగా ఉండటం. నెఫ్రాన్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు పనిచేయడం మానితేనే క్రియాటినిన్ స్పష్టంగా పరిధి దాటుతుంది. చిక్కిపోయిన కుక్కలో కండరాలు తగ్గి ఉంటాయి కనుక అది ఇంకా తక్కువగా కనిపిస్తుంది. రక్తరసిలో హీమోగ్లోబిన్, బిలిరుబిన్ అధికంగా ఉంటే కొలత పద్ధతే తప్పు ఫలితం ఇచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఒక్క సంఖ్యను కాక, సంఖ్య ఏ దిశలో కదులుతున్నదో చూడాలి. కుక్కల మూత్రపిండ వ్యాధులకు శ్రేణులు నిర్దేశించిన ఐరిస్ అనే అంతర్జాతీయ బృందం ప్రకారం, 48 గంటలలోపు క్రియాటినిన్ డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగితే, ఆ విలువ సాధారణ పరిధిలోనే ఉన్నప్పటికీ, తీవ్ర మూత్రపిండ నష్టంగా పరిగణించాలి. మొదటి రోజు 0.8, మూడవ రోజు 1.3 ఉన్న కుక్క నివేదికలో ఎర్ర గీత ఏదీ ఉండదు. కానీ ఆ కుక్క మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఎస్‌డీఎమ్‌ఏ పరీక్ష అందుబాటులో ఉన్న చోట నష్టం మరికొంత ముందుగా తెలుస్తుంది.

మూత్ర పరీక్షకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక వక్రీభవన మాపకం, సెంట్రిఫ్యూజ్, రంగు పట్టీలు, సూక్ష్మదర్శిని చాలు. సిరల ద్వారా ద్రవాలు ఎక్కించక ముందే మూత్రాన్ని సేకరించాలి; ఎక్కించిన తరువాత సాంద్రత కొలత అర్థం కోల్పోతుంది. నిర్జలీకరణ ఉన్న కుక్కలో మూత్రపు విశిష్ట సాంద్రత 1.030 పైన ఉండాలి. నీరు తక్కువై ఉన్నా 1.008 నుంచి 1.012 మధ్యనే నిలిచి ఉంటే నాళికలు నీటిని తిరిగి పీల్చుకొనే శక్తి కోల్పోయినట్లు భావించాలి. క్రియాటినిన్ కంటే ఇది ముందుగా ఇచ్చే హెచ్చరిక.

మూత్రం ఎర్రగా ఉంటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూడాలి. రక్తకణాలు అడుగున చేరి పైద్రవం తేటపడితే అది రక్తస్రావం. పైద్రవం ఎర్రగానే మిగిలి, హిమాటోక్రిట్ గొట్టంలో ప్లాస్మా కూడా గులాబీ రంగులో ఉంటే అది హీమోగ్లోబిన్. రంగు పట్టీ ఈ రెండింటికీ ‘రక్తం’ అనే చూపుతుంది, తేడా చెప్పదు. అవక్షేపంలో గరుకు అచ్చులు, నాళికల నుంచి ఊడిపడిన ఉపకళా కణాలు కనిపిస్తే నాళికలకు దెబ్బ తగులుతున్నదనడానికి అవి ప్రత్యక్ష సాక్ష్యం. ఈ అచ్చులు నిలువ ఉంచిన మూత్రంలో కరిగిపోతాయి. సాయంత్రం సేకరించి మరునాడు చూసిన నమూనాలో అవి లేవని రాయడం వల్ల ప్రయోజనం లేదు.

మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి గుచ్ఛాల స్థితిని తెలుపుతుంది. కుక్కలలో ఇది 0.2 కంటే తక్కువ ఉండటం సాధారణం, 0.5 దాటితే ప్రోటీన్ నష్టం ఉన్నట్లే. అయితే మూత్రం ఎర్రగా ఉన్న రోజులలో ఈ నిష్పత్తిని లెక్కకు తీసుకోరాదు. హీమోగ్లోబిన్ కూడా ప్రోటీనే. మూత్రం తేటపడి, జ్వరం తగ్గిన తరువాత కనీసం రెండు వారాల ఎడంతో రెండు మూడు సార్లు చూసి, అన్నిసార్లూ అధికంగా ఉంటేనే గుచ్ఛాల వ్యాధిగా నిర్ధారించాలి.

వర్షాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాలలో, కామెర్లు, ముదురు రంగు మూత్రం, క్రియాటినిన్ పెరుగుదల కలిసి కనిపిస్తే లెప్టోస్పైరోసిస్‌ను మరువరాదు. అది మనుషులకు సోకుతుంది. నిర్ధారణ అయ్యేవరకు మూత్రాన్ని చేతి తొడుగులు లేకుండా తాకరాదు.

చికిత్సలో మూత్రపిండాల రక్షణ

వోగెలికి ఇమిడోకార్బ్ డైప్రొపియొనేట్ కిలో బరువుకు 5 నుంచి 6.6 మిల్లీగ్రాముల చొప్పున, 14 రోజుల ఎడంతో రెండుసార్లు ఇస్తారు. డిమినజీన్ అసెచ్యురేట్ అయితే 3.5 మిల్లీగ్రాములు కండరంలోకి ఒక్కసారి. ఈ రెండింటికీ రక్షణ పరిధి ఇరుకు. ఇమిడోకార్బ్ మోతాదు మించితే వృక్క నాళికలే దెబ్బతింటాయి. డిమినజీన్ మించితే మెదడులో రక్తస్రావం జరుగుతుంది. కుక్క బరువును కంటి అంచనాతో నిర్ణయించే అలవాటు ఈ మందుల విషయంలో పనికిరాదు. యజమాని కుక్కను ఎత్తుకొని తూకంపై నిలబడి, తరువాత తన బరువు తీసివేసినా సరిపోతుంది. క్రియాటినిన్ పెరిగి ఉన్నదని పరాన్నజీవి మందును ఆపడం కూడా తప్పే. రక్తకణాలు నశించడం ఆగనంత కాలం మూత్రపిండాలు కోలుకోలేవు.

గిబ్సోనైకి ఈ మందులు చాలవు. జ్వరం తగ్గినా పరాన్నజీవి మిగిలిపోతుంది. అటోవాక్వోన్ కిలోకు 13.3 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకొకసారి, అజిత్రోమైసిన్ 10 మిల్లీగ్రాములు రోజుకొకసారి, పది రోజుల పాటు ఇవ్వాలి. అటోవాక్వోన్‌ను కొవ్వు ఉన్న ఆహారంతో ఇస్తేనే ఒంటికి పడుతుంది. మందు ఖరీదైనది కావడంతో యజమానులు మధ్యలో ఆపివేయడం, మందుకు లొంగని రకాలు తలెత్తడం రెండూ ఉన్న సమస్యలే. దీనికి ప్రత్యామ్నాయంగా క్లిండమైసిన్, మెట్రోనిడజోల్, డాక్సీసైక్లిన్ కలయిక వాడుకలో ఉంది. దాని ప్రభావం నెమ్మదిగా ఉంటుంది.

అసలు మందు కంటే దానితో పాటు ఇచ్చేవే కొన్నిసార్లు ఎక్కువ హాని చేస్తాయి. 105 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరంతో వచ్చిన కుక్కకు మెలాక్సికామ్ వంటి ఇంజక్షన్ ఇవ్వడం, అంతకు ముందే యజమాని మందుల షాపులో కొన్న మనుషుల నొప్పి మాత్ర వేసి ఉండటం తరచు జరిగేదే. రక్తపోటు పడిపోయినపుడు మూత్రపిండాలకు రక్తాన్ని నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ మందులు వాటి తయారీనే అడ్డుకుంటాయి. రక్తహీనత, నిర్జలీకరణ ఉన్న కుక్కలో అది నాళికలకు చివరి ఆధారాన్ని తొలగించడమే. పరాన్నజీవి మందు పనిచేయగానే జ్వరం దానంతటదే తగ్గుతుంది. కనుక ఈ వ్యాధిలో జ్వరానికి ఇంజక్షన్ ఇవ్వకపోవడమే మేలు. జెంటామైసిన్‌కు కూడా ఇక్కడ తావు లేదు. యజమాని ఏ మాత్ర వేశాడని తప్పక అడగాలి. అడిగే తీరు నిందలా ఉంటే నిజం చెప్పడు.

ద్రవాలను లోటు పూడ్చే మేరకు ఎక్కించి, తరువాత మూత్రం ఎంత వస్తున్నదో చూస్తూ నిర్ణయించాలి. రక్తకణాల శాతం 15 కంటే తక్కువైనపుడు సెలైన్ రక్తాన్ని మరింత పలుచన చేస్తుందే తప్ప ఆక్సిజన్‌ను మోయదు. అప్పుడు కావలసింది రక్తమే. మూత్రం గంటకు కిలోకు 1 మిల్లీలీటరు కంటే తగ్గితే ప్రమాద సూచన. అంటే 20 కిలోల కుక్కకు రోజుకు దాదాపు 480 మిల్లీలీటర్లు. కెథటర్ లేనిచోట కుక్క కింద పరచిన గుడ్డను తడవక ముందు, తడిసిన తరువాత తూచినా అంచనా దొరుకుతుంది. ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కించవచ్చు. లోటు పూడిన తరువాత కూడా మూత్రం రాని కుక్కకు అదే వేగంతో ద్రవాలు ఎక్కిస్తూ పోతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. రోజుకు రెండుసార్లు బరువు చూస్తే ఇది ముందే తెలుస్తుంది.

ప్రోటీన్ నష్టం నిలకడగా ఉన్న కుక్కకు ఎనలాప్రిల్, బెనజెప్రిల్ లేదా టెల్మిసార్టాన్ వంటి మందులు గుచ్ఛాలలో ఒత్తిడిని తగ్గిస్తాయి. వీటిని తీవ్రదశలో, నిర్జలీకరణ సరిచేయక ముందు మొదలుపెట్టకూడదు. స్టీరాయిడ్లను అలవాటుగా ఇవ్వడం ప్రోటీన్ నష్టాన్ని పెంచుతుంది.

చికిత్స ముగిసిన తరువాత

రెండవ ఇంజక్షన్‌కు కుక్కను తీసుకురమ్మన్న 14వ రోజే మూత్ర పరీక్షకు కూడా సరైన రోజు. యజమాని ఎటూ వస్తాడు కనుక అతనిపై అదనపు భారం ఉండదు. ఆనాడు సాంద్రత, అవక్షేపం, ప్రోటీన్ నిష్పత్తి, క్రియాటినిన్ చూసి, నెల తరువాత మరొకసారి చూడాలి. గిబ్సోనై అయితే చికిత్స ముగిసిన 60వ రోజున, 90వ రోజున పీసీఆర్ పరీక్ష చేసి రెండుసార్లూ లేదని తేలితేనే వ్యాధి పోయినట్లు పరిగణిస్తారు. రక్తదానానికి వాడే కుక్కలకు ఈ పరీక్ష లేకుండా రక్తం తీయరాదు. కుక్కల కొట్లాటలో కాటు ద్వారా కూడా గిబ్సోనై సోకుతుంది. పిడుదులు లేని కుక్కలో ఈ వ్యాధి ఉండదని తోసిపుచ్చడానికి ఇది అడ్డు. ఇంటివద్ద యజమాని గమనించవలసింది ఒక్కటే: గిన్నెలో రోజూ పోసే నీరు ముందుకంటే త్వరగా ఖాళీ అవుతున్నదా, రాత్రివేళ మూత్రానికి లేస్తున్నదా అన్నది. కొలిచి పోసిన నీటి లెక్కను రాసి తెమ్మంటే చదువురాని కాపరి కూడా చెంబులలో చెప్పగలడు.

పిడుదు కరచిన వెంటనే బెబీసియా సోకదు. సాధారణంగా రెండు మూడు రోజులు పట్టుకొని ఉంటేనే ప్రవేశిస్తుంది. రోజూ చెవుల లోపల, వేళ్ల సందులలో, మెడ పట్టీ కింద చేతితో తడిమి తీసివేయడం వల్ల నిజమైన ప్రయోజనం ఉంది. ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ మాత్రలు బాగా పనిచేస్తాయి. కానీ పిడుదుల సంఖ్యలో అధికభాగం కుక్క ఒంటిమీద ఉండదు. రక్తం తాగి రాలిన ఆడ కుక్క పిడుదు నాలుగు వేల వరకు గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్ల కోసం అది నేలమీద ఉండిపోక గోడ ఎక్కి పగుళ్లలో, తలుపు చట్రాల సందులలో, పైకప్పు అంచులలో చేరుతుంది. కుక్కను కట్టే చోట మందు పిచికారీ చేసేటప్పుడు నేలతో పాటు గోడలను పైకప్పు వరకు తడపాలి. గుడ్ల నుంచి వెలువడే కొత్త పిల్లల కోసం రెండు మూడు వారాలకు అదే పనిని మళ్లీ చేయాలి.